ఫణి మీద ఉప్పునీళ్ళు

మా గల్లీలో ఎవరింట్లో ఏ కూర వండారో, ఎవరు ఎవరితో మాట మానేశారో నాకు తెలియకుండా ఉండేది కాదు. గొప్ప కోసం చెప్పడం లేదు. సూరత్‌లోని లింబాయత్‌లో మా తెలుగువాళ్ళ గల్లీ ఎంత వెడల్పంటే, రెండు సైకిళ్ళు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. గడపలో కూర్చుంటే ఎదురింటివాళ్ళ పొయ్యి కనపడుతుంది. మిగతావాళ్ళు చూసి ఊరుకునేవాళ్ళు. నేను చూసినదానికి ఇంకో రెండు కలుపుకుని మనసులో పెట్టుకునేదాన్ని. "లలితా, నువ్వు పోలీసుల్ల చేరాల్సినదానివి" అని మా ఆయన లింగమూర్తి నవ్వేవాడు. నాకది మెచ్చుకోలుగానే వినపడేది. ఐలమ్మ గురించి చెప్పే ముందు నా గురించి ఈ మాత్రం చెప్పక తప్పదు.

తొంభై మూడులో, దసరా పోయిన కొన్నాళ్ళకు ఐలమ్మ వచ్చింది. చేతిలో ఒక సంచి, నెత్తి మీద ఒక రేకుపెట్టె. సిరిసిల్ల అవతల ఏదో ఊరంది. భర్త పోయాడంది, పిల్లల్లేరంది. వయసు నలభై దాటి ఉండదు. మాలాగే నేతపని చేసే సాలోళ్ళ మనిషే కాబట్టి మా కుల సంఘం పెద్ద బక్కయ్య మామ గల్లీ చివర ఒక గది ఇప్పించాడు.

భర్త వైపని చేసేవాడట. మగ్గం మీద ఒక బీం, అంటే పడుగు నూలు చుట్టిన దుంగ, అయిపోతే కొత్త బీం పోగుల్ని పాత పోగులకు ఒక్కొక్కటిగా అతికే పని అది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు పోగు అందిస్తే ఇంకొకరు మెలిపెడతారు. మా దగ్గర అది మగవాళ్ళు చేసే పని. ఐలమ్మ మాత్రం భర్తకు ఎదురుగా కూర్చుని ఇరవై ఏళ్ళు పోగులందించిందట.

మా ఇంటి ముందు రేకుల షెడ్డులో రెండు పాత కరెంటు మగ్గాలుండేవి. మా ఆయన పదేళ్ళు ఒకరి కింద చేసి, అప్పుడు కొన్నవి. ఆ రెండూ ఆడితేనే ఇంట్లో నలుగురం తినేది. నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడానికి మనిషి కావాల్సి వచ్చి ఐలమ్మను పెట్టుకున్నాం. ఆమె చుట్టిన కండె నలిగేది కాదు, జారేది కాదు. పోగును బొటనవేలి కింద నుంచి పోనిచ్చేది. అది ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ ముడి ఉందో కళ్ళు మూసుకుని చెప్పేది. ఒకసారి వైపనికి ఎవరూ దొరక్క మా ఆయన ఆమెనే ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఆ అతుకు మగవాళ్ళు వేసినదానికన్నా గట్టిగా వచ్చింది. నేను సంతోషించాల్సింది పోయి, ఇంత పని తెలిసిన మనిషి ఊళ్ళో బతకలేక ఇంత దూరం ఎందుకొచ్చిందా అని ఆరా మొదలుపెట్టాను.

పైగా ఆమె నోరు చూడనిచ్చేది కాదు. మాట్లాడినా, నవ్వినా కొంగు అడ్డం పెట్టుకునేది. ఒకరోజు రెండు చేతుల్లో కండెలుండగా దేనికో నవ్వు వచ్చి కొంగు జారిపోయింది. ముందు పళ్ళు లేవు. పైన నాలుగు, కింద నాలుగు. బావి మెట్ల మీద జారిపడ్డానని చెప్పింది. అయ్యో అన్నాను. అన్నం వారుస్తూ లెక్క వేసుకున్నాను. మెట్ల మీద బోర్లా పడితే పైవి పోతాయి సరే, కింది నాలుగూ వరసగా ఎట్లా పోతాయి?

మేమందరం పోగును పళ్ళతో కొరికి తెంపుతాం. ఆమె కొంగు ముడిలో కాగితంలో చుట్టిన సగం బ్లేడు ఉండేది. పళ్ళు లేని మనిషి ఇంకెట్లా తెంపుతుందని ఇప్పుడంటే తోస్తుంది గానీ, అప్పుడు నాకు తోచిన ప్రశ్న వేరు. బ్లేడు దేనికి దాచుకుంటోంది? ఆ ప్రశ్న ఆమెను అడగలేదు. పక్కింటి ఊర్మిళను అడిగాను.

ఐలమ్మకు దేని మీదా మా అంత భయం లేదు. అది కూడా నాకు గిట్టేది కాదు. మా చిన్నపిల్లకు జ్వరం వచ్చి నేను మిరపకాయలతో దిష్టి తీస్తుంటే, పక్కన నిలబడి చూసి, "మిరపకాయలు కాల్చుడైనంక డాక్టర్‌కు చూపియ్యి చెల్లె" అంది. డాక్టరు మాత్రలతో జ్వరం తగ్గింది. పేరు మాత్రం మిరపకాయలకే ఇచ్చాను. పోచమ్మ బోనాల రోజు శిగం ఊగే మనిషి ముందు గల్లీ అంతా వంగిపోతే, ఐలమ్మ అమ్మవారికి దండం పెట్టుకుని పక్కకు తప్పుకుంది. దేవతకు మొక్కిన మనిషి ఆ దేవత పూనిన మనిషికి ఎందుకు మొక్కదని మేం నల్లా దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నాం.

తొంభై నాలుగులో ప్లేగు భయం వచ్చింది. ఇళ్ళకు తాళాలేసి, దొరికిన రైలెక్కి ఊళ్ళకు పోయాం. ఐలమ్మ పోలేదు. "నాకేడ ఊరున్నది చెల్లె" అని మా షెడ్డు తాళంచెవి తీసుకుని ఉండిపోయింది. మూడు వారాలకు తిరిగొచ్చి చూస్తే మగ్గాల మీద దుమ్ము లేదు. గల్లీ ఊడ్చి సున్నం చల్లి ఉంది. ఆమె కాళ్ళు కడగాల్సింది మేము. ఊరంతా వణికిన రోగం ఈమె ఒక్కదాని గడప తొక్కలేదేంటి అని అన్నది నేనే. ఎవరో అన్నారని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, అన్నది నేనే.

తొంభై ఆరు ఎండాకాలంలో మా ఆయనకు వరసకు తమ్ముడైన బిక్షపతి పని వెతుక్కుంటూ ఊరి నుంచి వచ్చాడు. అన్నం తింటూ, షెడ్డులో కండెలు చుడుతున్న ఐలమ్మను చూసి అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆమె వినకుండా గొంతు తగ్గించాడు.

"వదినా, గామె మా పక్కూరిదే, మీ ఇంట్లకెట్ల రానిచ్చిన్రు? మరిది కొడుకు సచ్చిపోతే మంత్రాలు జేసిందని ఊరోళ్ళు పండ్లు పీకిన్రు ఆమెకు."

పళ్ళు లేకపోతే మంత్రం సరిగా పలకదని మా వైపు నమ్మకం. అందుకే మంత్రగత్తె అనుకున్నవాళ్ళ పళ్ళు పీకేస్తారు. బిక్షపతి అది చెప్పి మళ్ళీ పప్పు కలుపుకున్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు ముందుగా కలిగింది జాలి కాదు, భయం కూడా కాదు. తృప్తి. కింది నాలుగు పళ్ళ లెక్క తేలింది కదా అని. ఎనిమిది పళ్ళు పీకుతుంటే ఆమెను ఎంతమంది పట్టుకుని ఉంటారు, ఆమె ఎంత అరిచి ఉంటుంది అన్న ఆలోచన నాకు చాలా రోజుల తర్వాత గానీ రాలేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

మా ఆయన కొట్టిపారేశాడు. పని మంచిగా చేస్తోంది, ఊళ్ళ సంగతులు మనకెందుకు అన్నాడు. ఆయనకు చెప్పి లాభం లేదని నా జాగ్రత్త నేను మొదలుపెట్టాను. ప్రతి మంగళవారం, ప్రతి అమావాస్యకు, మగ్గాలు ఆపి ఆయన స్నానానికి పోయినప్పుడు, చెంబెడు నీళ్ళలో గుప్పెడు కల్లుప్పు కలిపి వేపమండతో మగ్గాల మీద చల్లేదాన్ని. పసుపు కలిపితే బట్టకు మరక అంటుతుందని నాకు తెలుసు. అందుకని ఉప్పొక్కటే. అంత తెలివి నాది. ఎక్కువగా ఫణి మీద చల్లేదాన్ని. ఫణి అంటే ఉక్కు పళ్ళ దువ్వెన లాంటి చట్రం. వేల పడుగు పోగులు ఆ పళ్ళ సందుల్లోంచే దూరి వస్తాయి. దృష్టి తగిలితే అక్కడే తగులుతుందని నా నమ్మకం.

వానాకాలం వచ్చింది. ఆషాఢంలో పోగులు తెగడం మొదలైంది.

ముందు రోజుకు పది, తర్వాత గంటకు పది. మగ్గం ఆపడం, ముడి వేయడం, మళ్ళీ నడపడం. బట్ట నిండా ముడులు. బట్ట తీసుకునే సేటు రెండుసార్లు థాన్లు తిప్పి పంపాడు, మూడోసారి కూడా ఇట్లాగే వస్తే నూలు ఇవ్వనన్నాడు. నూలు రాకపోతే మగ్గాలమ్ముకుని మళ్ళీ ఒకరి కింద కూలికి పోవడమే. మా ఆయన నూలు మార్చాడు, బీం బిగువు మార్చాడు, మోటారు చూపించాడు. ఫణి సంగతి ఆయనకు తట్టలేదు. అది కొత్తది, వేసి ఆర్నెల్లే అయింది. ఆయన తిండి తగ్గిపోయింది. నేను ఊర్మిళతో చెప్పుకుని ఏడ్చాను. నేను చేస్తున్న ఉప్పునీళ్ళ ఉపాయం కూడా చెప్పాను. వారానికి ఒకసారి చాలదేమో, రెండుసార్లు చల్లు అంది. చల్లాను. ఇంకా ఎక్కువ తెగాయి.

ఒక మధ్యాహ్నం మా ఆయన బజారుకు పోయాడు. మగ్గం ఆగి ఉంది. ఐలమ్మ లేచి వచ్చి ఫణి పళ్ళ మీద ఈ చివర నుంచి ఆ చివరకు బొటనవేలు నడిపింది. మధ్యలో ఆగింది. వేలు నాలుకకు ఆనించుకుంది. నా వైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకోకుండానే నెమ్మదిగా చెప్పింది.

"చెల్లె, ఫణి మీద ఉప్పునీళ్ళు సల్లకు. తుప్పు వడ్తది. గా తుప్పుకే పోగు తెగుతున్నది."

చల్లుతుండగా నన్నెవరూ చూడలేదు. మా ఆయనకే తెలియదు. ఈమెకెట్లా తెలిసింది? నాలుక మీద ఉప్పు తగిలి తెలిసిందని చిన్నపిల్ల కూడా చెప్పగలదు. నాకు మాత్రం అప్పుడు మంత్రమే తోచింది. నేనేమీ చల్లలేదని బొంకాను. ఆమె కాసేపు నన్ను చూసి, వెళ్ళి కండెల దగ్గర కూర్చుంది. ఆ సాయంత్రమే బక్కయ్య మామ ఇంటికి పోయి అంతా చెప్పాను. పళ్ళ సంగతి, బ్లేడు సంగతి, ప్లేగు సంగతి, మా ఇంట్లో రహస్యాలు ఆమెకు వాటంతటవే తెలిసిపోతున్న సంగతి. ఉప్పునీళ్ళు చల్లిన సంగతి మాత్రం చెప్పలేదు.

ఆదివారం సంఘం గదిలో కూర్చోబెట్టారు. మార్కండేయ స్వామి పటం కింద బక్కయ్య మామ, చుట్టూ మగవాళ్ళు, గుమ్మం దగ్గర మేము. మధ్యలో ఐలమ్మ. బక్కయ్య మామ చెడ్డవాడు కాదు. ఎవరింట్లో చావు జరిగినా ముందు వచ్చి పాడె మోసేది ఆయనే. అటువంటి మనిషి కూడా ఆ రోజు ఆమె నోటి వంక చూస్తూనే మాట్లాడాడు. లింగమూర్తి మగ్గాలకు ఏం చేశావని అడిగాడు.

"నేనేం జెయ్యలే మామా. ఫణికి తుప్పువట్టింది. ఇప్పి చూసుకోండ్రి."

ఆర్నెల్ల ఫణికి తుప్పు ఎట్లా పడుతుందని ఆయన అడిగాడు. ఐలమ్మ తల తిప్పి నా వైపు చూసింది. చూపులో కోపం లేదు. ఎదురుగా కూర్చున్న మనిషికి పోగు అందించి, అది పట్టుకునేదాకా ఆగే చూపు అది. ఒక్క మాట నేను అంటే సరిపోయేది. ఉప్పు నేనే చల్లాను మామా అంటే అయిపోయేది. గల్లీ అంతా నవ్వేది, మా ఆయన తిట్టేవాడు, అంతే. నేను కాలి మట్టెలు చూసుకుంటూ కూర్చున్నాను. ఆమె నా పేరు చెప్పలేదు. వెనక నుంచి ఎవరో, మిగిలిన పళ్ళు కూడా పీకితే గానీ నిజం చెప్పదన్నారు. బక్కయ్య మామ అతన్ని కసిరాడు. కసిరి, గది ఖాళీ చేయాలనీ, మన షెడ్లలో ఎవరూ ఆమెకు పని ఇవ్వకూడదనీ తీర్పు చెప్పాడు. గుమ్మం దగ్గరే నా పక్కన కూర్చున్న మా ఆయన ఏదో అనబోయాడు. నేను మోచేత్తో పొడిచాను.

మర్నాడు పొద్దున ఆమె అదే రేకుపెట్టెతో మా గడప ముందు ఆగింది. రావాల్సిన కూలి కోసమేమో అనుకున్నాను. కాదు.

"ఊర్ల గూడ అడిగిన్రు చెల్లె, ఇంకెవలదన్న పేరు చెప్పు, నిన్ను ఇడిసిపెడ్తమని. చెప్పలే. గీడ గూడ చెప్పలే. జర పైలం."

జాగ్రత్తగా ఉండమని ఆమె అన్నది నా మంచికే. నేను శాపం పెట్టిందనుకుని, ఆమె నిలబడిన చోట నీళ్ళు చల్లి కడిగాను.

ఆ వారమే మా ఆయన, ఆమె మాట పట్టుకుని ఫణి విప్పాడు. పళ్ళ మధ్య తుప్పు గరుకుగా పేరుకుని ఉంది. వేలు పెడితే గీసుకుపోయింది. కొత్తదానికి ఇట్లా ఎందుకయిందని ఆశ్చర్యపోతే, వానాకాలం కదా అన్నాను. కొత్త ఫణి వేశాడు. నేను ఉప్పు మానేశాను. పోగులు తెగడం ఆగిపోయింది. పాత ఫణిని పాత ఇనుము కొనే భంగారువాడికి వెయ్యమని ఆయన చెబితే, గుడ్డ చుట్టి అటక మీద దాచాను. ఎందుకు దాచానో అప్పుడు నాకు తెలియదు. దాన్ని పారేస్తే ఆమెను రెండోసారి పంపేసినట్టు అనిపించింది.

గల్లీకి మాత్రం ఇంతకన్నా రుజువు అక్కర్లేకపోయింది. మనిషి పోయింది, పోగులు తెగడం ఆగింది. ఊర్మిళ ఇంకో మాట కలిపింది. లలితక్క ఉప్పునీళ్ళు చల్లబట్టే మంత్రగత్తె నిలవలేకపోయిందని. నాకు పేరొచ్చింది. మూడు గల్లీల అవతల ఆడవాళ్ళు వచ్చి ఎంత ఉప్పు, ఏ రోజు అని అడిగారు. అది తప్పని చెబితే, మరి ఐలమ్మ సంగతేమిటని అడుగుతారు. నాకు తెలియదంటూ జారుకున్నాను. నేను చెప్పకపోయినా ఊర్మిళ చెప్పింది. మా వరసలో ఐదు షెడ్లలో మంగళవారం మంగళవారం ఉప్పునీళ్ళు పడ్డాయి.

మరుసటి వానాకాలానికి ఊర్మిళ షెడ్డులో పోగులు తెగడం మొదలైంది. తర్వాత ఇంకో రెండు షెడ్లలో. ఈసారి వాళ్ళ కళ్ళు విజయశ్రీ మీద పడ్డాయి. ఊర్మిళ దగ్గర కండెలు చుట్టే పిల్ల, పెళ్ళయి సూరత్ వచ్చి ఏడాది కాలేదు. ఆమె చేసిన నేరమేమిటంటే ఎడమచేతి వాటం. ఎడమచేత్తో కండె చుడుతుంది, ఎడమచేత్తో ముడి వేస్తుంది. ఎడమచేతి కండె మగ్గం మీదికి ఎక్కితే అరిష్టం కాక ఇంకేమిటన్నారు. నల్లా దగ్గర ఆమె బిందె పెడితే మిగతా బిందెలు వెనక్కి జరిగాయి. ఆ పిల్ల కుడిచేత్తో చుట్టడం నేర్చుకుంటూ, కండె జారిపోయిన ప్రతిసారీ అటూ ఇటూ చూడటం నా గడపలోంచి కనపడేది. నాకు అన్నం సయించలేదు. మళ్ళీ ఆదివారం సంఘం గది అన్నారు.

అటక ఎక్కి ఫణి దించాను. మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన ఆ ఫణిని అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి చెప్పులేసుకుని, పద అన్నాడు.

సంఘం గదిలో విజయశ్రీ సరిగ్గా ఐలమ్మ కూర్చున్న చోటే కూర్చుని ఉంది. నేను గుమ్మం దగ్గర ఆగలేదు. లోపలికి పోయి గుడ్డ విప్పి, తుప్పుపట్టిన ఫణిని బక్కయ్య మామ ముందు పెట్టాను.

"గీ ఉప్పునీళ్ళు సల్లుడు మొదలువెట్టింది నేను మామా. ఉప్పుకు ఫణి తుప్పువట్టి పోగు తెగుతున్నది. విజయశ్రీ ఏం జెయ్యలే. ఐలమ్మ గూడ ఏం జెయ్యలే."

మనిషిని పంపి ఊర్మిళ షెడ్డులో ఫణి విప్పించి తెప్పించారు. అదే తుప్పు. బక్కయ్య మామ రెండింటి మీదా వేలు నడిపి, ఆ వేలు నాలుకకు ఆనించుకున్నాడు. ఆయన ముఖం పాలిపోయింది. ఏడాది కింద తాను చెప్పిన తీర్పు ఆయనకు గుర్తొచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. విజయశ్రీని ఇంటికి పొమ్మన్నాడు. ఆ ఒక్క మంచి జరిగినందుకు నా ప్రాణం తేలికపడింది. ఇక లేవబోతుంటే ఆయన నన్ను ఆపాడు.

"మాకెవలకు తెల్వంది నీకెట్ల తెలిసింది కోడలా? ఎవలు జెప్పిన్రు?"

అబద్ధం చెప్పే ఓపిక నాకు అయిపోయింది. ఐలమ్మ చెప్పిందన్నాను.

బక్కయ్య మామ ఫణి వైపే చూస్తూ ఉన్నాడు. అన్నది ఊర్మిళ, పక్కనున్నామెతో, నాకు వినపడేంత గొంతుతో.

"అంటే పొయ్యేటప్పుడు ఈమెకు నేర్పిచ్చి పోయిందన్నట్టు."

ఆ తర్వాత ఐలమ్మను వెతుక్కుంటూ సూరత్‌లోనే ఇంకో పేట, పర్వత్ పాటియా దాకా పోయాను. అక్కడ చీరలు మడతపెట్టే చోట కొంగు నోటికి అడ్డం పెట్టుకునే తెలుగామె ఒకతె కొన్ని నెలలు చేసిందన్నారు. పళ్ళ గురించి ఎవరో అడిగారట, మర్నాటి నుంచి రాలేదట. ఇంకెక్కడ వెతకాలో నాకు తెలియలేదు.

షెడ్లలో ఉప్పు మానేశారు. పోగులు బాగానే ఆడుతున్నాయి. ఊర్మిళ మా ఇంట్లో ఉన్న తన గిన్నె అడిగి తీసుకుపోయింది, నా గిన్నె కడిగి గడప బయట పెట్టింది. నల్లా దగ్గర నా బిందె చుట్టూ ఇప్పుడు చోటు ఎక్కువ. మా చిన్నపిల్లను వాళ్ళ పిల్లలు ఆటకు పిలవడం లేదు. విజయశ్రీ కూడా నేను ఎదురొస్తే తల దించుకుని పోతుంది. ఆ పిల్లను ఏమీ అనను. భయం ఎట్లా ఉంటుందో ఆమెకూ తెలుసు.

కండెలు ఇప్పుడు నేనే చుడుతున్నాను. మొన్న పోగు నోటికి తీసుకుని పళ్ళతో తెంపుతూ తలెత్తితే, ఎదురుగా ఇద్దరాడవాళ్ళు మాటలు ఆపి నా నోటి వంక చూస్తున్నారు. ఒకప్పుడు నేను ఐలమ్మను ఎట్లా చూసేదాన్నో అట్లాగే చూస్తున్నారు. పోగు కింద పెట్టి, కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాను. నా పళ్ళు అన్నీ ఉన్నాయి, ఇప్పటికైతే.